ఇరవై నిమిషాల్లో మహాత్ముడు

దిల్‌సుఖ్‌నగర్‌లో దేనికైనా దగ్గరిదారి దొరుకుతుంది. డీఎస్సీకి, ఎస్సై ఉద్యోగానికి, బ్యాంకు పరీక్షకు, గడగడా ఇంగ్లిషు మాట్లాడ్డానికి, వీసా ఇంటర్వ్యూలో తడబడకుండా అబద్ధం చెప్పడానికి, అన్నిటికీ మెట్రో స్తంభాల పక్కన బోర్డులున్నాయి. బోర్డు కింద మెట్లు, మెట్ల పైన డెమో క్లాసు, క్లాసు చివర ‘ఇవాళే కడితే ఫీజులో తగ్గింపు’. ఇన్నేళ్లూ ఒక్క సబ్జెక్టు మాత్రం ఎవరి చేతికీ చిక్కకుండా తప్పించుకు తిరిగింది. దాని పేరు జీవితం. ఇప్పుడు ఆ లోటూ తీరిపోయింది. మన జీవితం సంగతి అడక్కండి, అదెలాగూ బ్యాక్‌లాగే. వచ్చింది ఎదుటివాళ్ల జీవితానికి మెటీరియల్.

మహనీయుల ఆత్మకథలు, జీవితచరిత్రలు, జ్ఞాపకాలు పుస్తకం తెరవకుండానే చెవిలోకి దిగిపోతున్నాయి. స్టడీ హాల్లో, హాస్టల్ మంచం మీద, మెస్ దగ్గర లైన్లో, ఎక్కడ చూసినా చెవుల్లో తెల్లటి గింజలు పెట్టుకుని మహాపురుషులతో ఏకాంతంగా ఉన్న కుర్రాళ్లే. వీళ్లందరికీ పెద్ద తరగతి గది మన మెట్రో. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. గాంధీ గారు ఎల్బీనగర్‌లో పుడతారు. చైతన్యపురి వచ్చేసరికి పెళ్లి అయిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం తోసుకుంటూ ఎక్కుతుంటే ఆయన లండన్ ఓడ ఎక్కుతారు. మలక్‌పేటలో దక్షిణాఫ్రికా రైల్లోంచి తోసేస్తారు. ఎంజీబీఎస్‌లో సత్యాగ్రహం. గాంధీభవన్ స్టేషన్ వచ్చేలోపు గాంధీ అయిపోతారు. నాంపల్లిలో తలుపులు తెరుచుకునేటప్పటికి ‘మహాత్ముడి నుంచి నేర్చుకోవలసిన ఐదు విజయసూత్రాలు’ వినిపిస్తుంటాయి. వినేవాడు ఐదో సూత్రం దగ్గర కళ్లు తెరిచి, ముందు నిలబడ్డ ముసలాయనను చూసి, మళ్లీ కళ్లు మూసుకుంటాడు. సీటు ఇవ్వడం సిలబస్‌లో లేదు.

నేనూ వినేవాణ్నే. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టి మరీ వింటున్నవాణ్ని. కాబట్టి తిట్టే హక్కు రసీదుతో సహా నా దగ్గరుంది.

మొదట ఆ గొంతు గురించి చెప్పుకోవాలి. ఏ యాప్ తెరిచినా అదే గొంతు. అడుగు నుంచి వచ్చే గంభీరమైన మగ గొంతు. పొద్దున అదే గొంతు హైవే పక్కన ప్లాట్లు అమ్ముతుంది, మధ్యాహ్నం మోకాళ్ల నొప్పుల నూనె అమ్ముతుంది, సాయంత్రం స్వాతంత్ర్యం సంపాదించి పెడుతుంది. వీరేశలింగం గారు మాట్లాడినా, విమానాలు కనిపెట్టినవాళ్లు మాట్లాడినా, జైల్లో దెబ్బలు తిన్న రైతుకూలీ మాట్లాడినా ఆ గొంతుకు ఒకటే గాంభీర్యం. ఆ గొంతు వెనక సంగీతానికీ లెక్కుంది. బాల్యానికి వేణువు, తల్లి చనిపోతే వయొలిన్, గెలిస్తే డప్పు. పేదరికానికి ఏమీ వాయించరు, చప్పట్లు కొట్టినట్టు వానచప్పుడు వేస్తారు. ఒక యాప్‌లో డబ్బు కట్టకుండా వినే సదుపాయం కూడా ఉంది. గాంధీ గారి తండ్రి మరణశయ్య మీద ఉన్నారు, కొడుకు ఆ గది వదిలి వెళ్లాడు, ఆ తప్పు ఆయన్ను జీవితమంతా వెంటాడింది. ఆ వాక్యానికీ తరువాతి వాక్యానికీ మధ్య ఉన్నట్టుండి ‘రీజినల్ రింగ్ రోడ్డుకు దగ్గరలో, గజం ధర పెరగకముందే’ అని వినిపించింది. అమ్ముతున్నది అదే గొంతు. ఒక్క క్షణం గాంధీ గారే అడ్వాన్సు అడుగుతున్నారేమో అనిపించింది.

ఆ గొంతుకు జీతమివ్వడం కూడా బరువైపోయి, ఇప్పుడు యంత్రాన్ని కూర్చోబెడుతున్నారు. యంత్రం అలసిపోదు, నీళ్లు తాగదు, అర్థం చేసుకోదు. 1857 అని ఉంటే ‘ఒకటి ఎనిమిది ఐదు ఏడు’ అని చదువుతుంది. సిపాయిల తిరుగుబాటును ఓటీపీ ఇచ్చినట్టు ఇచ్చేసి ముందుకు పోతుంది. ‘క్రీ.శ.’ను ‘క్రీషా’ అంటుంది. ఏదో విదేశీ రాజకుమారి కథలోకి వచ్చిందనుకుని నేను రెండు పేజీలు ఎదురుచూశాను. పుస్తకంలో పేజీ చివర ఉన్న అధోజ్ఞాపికను పేజీ మారే చోట, వాక్యం మధ్యలోనే చదివేస్తుంది. ఒక విప్లవకారుణ్ని పోలీసులు చుట్టుముట్టిన ఘట్టంలో, తుపాకులు ఎక్కుపెట్టిన చోట, ‘చూడుడు, మూడవ ముద్రణ పీఠిక’ అని ఆదేశం వచ్చింది. పోలీసులు చూశారో లేదో తెలియదు.

సరే, యంత్రానికి తెలివి లేదు. తెలివి ఉన్న మనుషులు ఏం చేస్తున్నారు? వాళ్లు ‘న్యూట్రల్ తెలుగు’లో చదువుతున్నారు. స్టూడియోలో గొంతు పరీక్షకు వెళితే మొదటి షరతు అదేనట, యాస ఉండకూడదు. రెండు రాష్ట్రాల మ్యాపులూ ముందేసుకుని వెతికాను. న్యూట్రల్ అనే జిల్లా ఎక్కడా కనబడలేదు. అక్కడ పుట్టినవాళ్లు, అక్కడ తల్లి చేత తిట్లు తిన్నవాళ్లు, అక్కడ పొలం గట్టు మీద కొట్లాడినవాళ్లు ఎవరూ లేరు. జనాభా లేని ఆ జిల్లా భాషలో మన అందరి బతుకులూ రికార్డవుతున్నాయి.

నల్లగొండ ప్రాంతపు ఒక పోరాటయోధుడి కథ అలాగే విన్నాను. చదివినాయన ఉచ్చారణ తళతళలాడుతోంది. వార్తలు చదివే మనిషి ఇస్త్రీ చొక్కాలా ఒక్క ముడత లేదు. కథలో జనం దొర గడీ మీదికి పోతారు. ఆయన ‘గడీ’ని ‘గడి’ అని చదివాడు. వందల మంది కర్రలు పట్టుకుని పదకేళి పజిల్లోకి చొరబడ్డారు. ‘వెట్టి’ అన్న మాట వచ్చినప్పుడల్లా అది ఏదో పూలమొక్క పేరన్నట్టు మృదువుగా పలికాడు. ఇక ‘దొర’ అన్న మాటను ఎంత భయభక్తులతో పలికాడంటే, మెట్రోలో కూర్చున్న నేను లేచి నిలబడబోయి, పక్కవాళ్లు చూస్తున్నారని ఆగాను. పాపం ఆ యోధుడు ఆ ఒక్క మాటను ఉమ్మినట్టు అనడానికి బతుకంతా ధారపోశాడు. చదివినాయన దానికి పట్టుశాలువా కప్పాడు.

విచిత్రమేమిటంటే, ఆ యాస కోసం ఎవరూ నల్లగొండ దాకా పోనక్కర్లేదు. ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర సూర్యాపేట బస్సు ఆగే చోట పది నిమిషాలు నిలబడితే చాలు. విజయవాడ హైవే ఊళ్లోకి దిగేదే అక్కడ. ఉమ్మడి నల్లగొండ జిల్లా సగం ఇటు వనస్థలిపురంలో, హయత్‌నగర్‌లో, సరూర్‌నగర్‌లో ఇళ్లు కట్టుకుని కూర్చుంది. బియ్యం సంచి మీద కూర్చున్న ఒక అవ్వ, కండక్టరు బస్సును పది గజాలు ముందు ఆపినందుకు, అతని మూడు తరాలను ఆ యాసలో పిలిచి లేపింది. ఆ పిలుపులో ఉన్న ఎత్తుపల్లాలు, దమ్ము తీసుకునే చోటు, మాట విరిచే చోటు ఏ స్టూడియోలోనూ లేవు. ఆమెకు మైకు ముందు గంటసేపు చోటిస్తే ఆ యోధుడి కథ బతికి బట్టకట్టేది. ఆమెకు స్టూడియోలో చోటు దొరకదు. ఆమె ‘న్యూట్రల్’ కాదు. కండక్టరు ఒప్పుకున్నాడు, స్టూడియో ఒప్పుకోదు.

ఇది ఒక్క తెలంగాణ గోడే అనుకుంటే గోదావరి వాళ్లు నన్ను క్షమించరు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ రాశారు. అందులో వాక్యం నడిచేది నోటి నడక. సాగదీయవలసిన చోట సాగదీసి, దెప్పవలసిన చోట దెప్పి, ఎదురుగా అరుగు మీద కూర్చుని చెప్పినట్టుంటుంది. దాన్ని న్యూట్రల్ జిల్లా పౌరుడి చేత చదివిస్తే మిగిలేది సమాచారం. శ్రీపాద వారి దగ్గరికి సమాచారం కోసం పోయేవాడు పెళ్లిభోజనానికి పోయి మెనూ కార్డు చదువుకుని వచ్చే రకం.

అసలు తెలుగులో బతుకు కథ పుట్టిందే నోట్లో. ఈ సంగతి యాప్ వాళ్లకు చెబితే ‘కంటెంట్ ఐడియా’ అని రాసుకుంటారు గానీ, చెప్పక తప్పదు. చూపు పోయిన వయసులో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తన స్వీయచరిత్రను చెప్పి రాయించారు. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ తన జీవితాన్ని చెబితే అంగడాల వెంకటరమణమూర్తి రాసిపెట్టారు, అదే ‘పింజారి’. రాత్రంతా ఊరిని కూర్చోబెట్టి బొబ్బిలి యుద్ధం, పల్నాటి యుద్ధం వినిపించిన గొంతు నాజర్‌ది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకుని పోయి, వాళ్లు మాట్లాడిందాన్ని మాట్లాడినట్టు పుస్తకం చేశారు. 2019లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ కూడా ఆమె చెబుతుంటే విమల, కాత్యాయని రాసిందే. ఆమె తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి, పాటతో, ఉపన్యాసంతో జనాన్ని లేపిన మనిషి. రాతకు ఆమె పెట్టుకున్న పేరులోనే నోరు ఉంది.

అంటే ఈ కథలు నోటి నుంచి టేపుకు, టేపు నుంచి కాగితానికి వచ్చాయి. మళ్లీ నోటికి చేర్చడం మన కాలానికి దక్కిన అదృష్టం. చేర్చిన పద్ధతి మాత్రం ఇది. చెప్పినామె యాసను కాగితం మీద నిలబెట్టడానికి రాసినవాళ్లు ఏళ్ల తరబడి పడిన శ్రమను స్టూడియోలో ఒక్క పూటలో కడిగేస్తాం. ఇంకా అనుమానముంటే వెనకాల వేణువు పెడతాం.

గొంతు సంగతి ఇలా ఉంటే, కథ సంగతి మరీ ఘోరం. పూర్తి పుస్తకం చదివి వినిపించేవాళ్లు కొందరే. ఎక్కువ అమ్ముడయ్యేది ‘సారాంశం’. దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకు అలవాటైన భాషలో చెప్పాలంటే బిట్ బ్యాంక్. టంగుటూరి ప్రకాశం గారిని ఒక యాప్ పద్దెనిమిది నిమిషాల్లో తేల్చేసింది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి ఎదురు రొమ్ము చూపడం ఉంది, డప్పులతో సహా. బాగుంది. కానీ బారిస్టరుగా సంపాదించిందంతా ‘స్వరాజ్య’ పత్రికలో పోసి ఆ మనిషి ఎలా ఖాళీ అయిపోయాడో లేదు. అడిగితే, ‘ఇది పాజిటివ్ కంటెంట్ సార్’ అంటారు. డబ్బు పోగొట్టుకున్నవాడు స్ఫూర్తి ఇవ్వడట. తుపాకీ ముందు నిలబడొచ్చు గానీ బ్యాంకు బ్యాలెన్సు తగ్గకూడదు.

ఇంకో విడ్డూరం. ‘నా జీవిత యాత్ర’ మొదటి మూడు భాగాలు ప్రకాశం గారివి. నాలుగో భాగం తెన్నేటి విశ్వనాథం గారు రాశారు. చదివేవాడికి అక్కడ చేయి మారినట్టు తెలుస్తుంది. సారాంశంలో అలాంటి తేడాలకు చోటు లేదు, అంతా ‘నేను, నేను’ అంటూ ఒకే ఊపులో పోతుంది. ఈ వరసలో ఏదో ఒకరోజు 1957లో తాను ఎలా కన్నుమూసిందీ ప్రకాశం గారే స్వయంగా వినిపిస్తారు. దానికి వయొలిన్ సిద్ధంగానే ఉంది.

గాంధీ గారి ఆత్మకథ అసలు 1920ల మొదటి సంవత్సరాల దగ్గరే ఆగిపోతుంది. ఆ తరువాతి తన జీవితం జనం కళ్ల ముందే నడిచింది, చెప్పేందుకు కొత్తగా ఏమీ లేదని ఆయన అభిప్రాయం. మన యాప్ ఆ మొహమాటం పెట్టుకోలేదు. ‘సత్యశోధన సారాంశం’ అని పేరు పెట్టి అందులోనే 1930 దండి యాత్ర కూడా చేయించింది. అడుగుల చప్పుడు, సముద్రం హోరు అద్భుతంగా కుదిరాయి. సత్యం కోసం శోధించిన పుస్తకంలో లేని సంగతిని పుస్తకం పేరు మీదే అమ్మడం కన్నా గొప్ప ప్రయోగం ఆయన కూడా చేసి ఉండడు.

కొన్ని జీవితాలు ఏ బిట్టుకూ లొంగవు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. బాల వితంతువు, ఉద్యమం, అజ్ఞాతవాసం, విడిపోయిన భర్త, తన కన్నా ముందే పోయిన పిల్లలు, అయినా నిలబడ్డ నూరేళ్ల జీవితం. దీంట్లో ఐదు విజయసూత్రాలు ఎక్కడున్నాయి? చింతించకండి, తీసేవాళ్లు తీస్తారు. ‘ఒంటరితనాన్ని మీ బలంగా మార్చుకోవడం ఎలా’ అని పేరు పెడతారు. కన్నీళ్లను కూడా స్కిల్ డెవలప్‌మెంట్ చేయగలిగిన జాతి మనది.

పరీక్ష ఎలాగూ పెట్టాలి కదా. దిల్‌సుఖ్‌నగర్ ఆనవాయితీ ప్రకారం ఒక మోడల్ పేపరు తయారు చేశాను. తప్పు జవాబుకు పావు మార్కు కోత.

1. టంగుటూరి ప్రకాశం జీవితం నుంచి అభ్యర్థి నేర్చుకోవలసింది ఏది? (అ) ధైర్యం (ఆ) ధైర్యవంతుడు పత్రిక పెట్టరాదు (ఇ) ఆస్తి భార్య పేరున ఉంచాలి (ఈ) ఇది గత పరీక్షలో వచ్చేసింది, మళ్లీ రాదు.

2. చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌తో ఎందుకు పోరాడింది? (అ) తన భూమి, తన పంట కోసం (ఆ) మన గ్రూప్-2లో ఒక మార్కు కోసం (ఇ) కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఒక పేరు కావలసి వస్తుందని ముందే తెలిసి (ఈ) జయంతికి ఒకసారి, వర్ధంతికి ఒకసారి దండ వేయించుకోవడానికి.

3. శ్రీశ్రీ ‘అనంతం’ను ఏ స్పీడులో వినాలి? (అ) 1.25 (ఆ) 1.5 (ఇ) 2 (ఈ) అనంతం గనక యాప్‌లో ఎంత ఉంటే అంత.

4. ఆత్మకథ చివరి వాక్యం తరువాత ఏం వస్తుంది? (అ) నిశ్శబ్దం (ఆ) ఆలోచన (ఇ) తరువాతి మహనీయుడు, ఐదు సెకన్లలో (ఈ) ముందు రేటింగ్ ఇవ్వండి.

మూడో ప్రశ్నకు సమాధానం చాలామందికి నోటికి వచ్చు. ఒకటిన్నర స్పీడులో వినడం ఇప్పుడు తెలివితేటల గుర్తు. ఆ స్పీడులో ఎంతటి స్థితప్రజ్ఞుడైనా ఆఖరి బస్సు తప్పిపోతున్నవాడిలా మాట్లాడతాడు. కొన్ని యాప్‌లలో ఇంకో బటన్ ఉంది, మాటల మధ్య ఖాళీలను అదే కత్తిరించేస్తుంది. కొడుకు పోయిన సంగతి చెప్పబోయి ఒక తల్లి ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలోనే కథంతా ఉంటుంది. దాన్ని ఈ బటన్ వృథా సమయంగా లెక్కగట్టి, నెలాఖరుకు ‘మీరు ఇన్ని నిమిషాలు ఆదా చేశారు’ అని అభినందన పంపుతుంది. ఆ ఆదా చేసిన నిమిషాలతో ఏం చేస్తున్నామంటే, రీల్సు చూస్తున్నాం.

మహనీయులు అయిపోతే ఏం వినాలన్న బెంగ కూడా వద్దు. మన చుట్టుపక్కలే కొత్త మహనీయులు తయారవుతున్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో పుట్టినరోజు ఫ్లెక్సీ మీద అన్న బొమ్మ, బొమ్మ పక్కన క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే అన్న జీవితం అన్న గొంతు కాని గొంతులో మొదలవుతుంది. రాయడం, చదవడం, సంగీతం, వాట్సాప్ గ్రూపుల్లో పంచడం అన్నీ కలిపి ప్యాకేజీ. అన్న చిన్నప్పుడు చెప్పుల్లేకుండా బడికి నడిచిన అధ్యాయం నలభై నిమిషాలు ఉంటుంది, ఎండ ఎంత కాల్చిందో అరికాలు అరికాలుగా చెబుతారు. మూడెకరాలు ముప్పై ఎకరాలైన అధ్యాయం దగ్గర వేణువు ఊదుతారు. వేణువు ఆగేసరికి అన్న ప్రజాసేవలో ఉంటాడు. ఈ జాతిలో ఒక నిజాయితీ ఉందని ఒప్పుకోవాలి. ఇక్కడ ఒకే గొంతు ప్లాట్లనూ, జీవితాన్నీ అమ్మడంలో వైరుధ్యమేమీ లేదు. రెండూ ఒకటే.

ఇక బతికినా కథ కాని వాళ్లు. ఎల్బీనగర్ తరువాతి స్టేషన్ విక్టోరియా మెమోరియల్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో అనాథ పిల్లల కోసం మొదలైన ఆశ్రమం పేరు అది. విక్టోరియా రాణి జ్ఞాపకంగా వెలసిన ఆ ఇంట్లో ఎన్ని తరాల పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారో! రాణి జీవితచరిత్రలు కోకొల్లలు, ఆ పిల్లల్లో ఒక్కరి గొంతు ఏ యాప్‌లో ఉంది? మరికాస్త ముందుకొస్తే కొత్తపేట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయేదాకా, తెల్లారకముందే లారీల నుంచి బత్తాయి, మామిడి దించిన హమాలీలు అక్కడ వీపులు అరగదీసుకున్నారు. ఆ మార్కెట్ మీద తీర్మానాలున్నాయి, కేసులున్నాయి, శంకుస్థాపన ఫొటోలున్నాయి. దించిన వీపు చెప్పిన కథ లేదు. వాళ్లకు చెప్పడం రాదని అనకండి. చాయ్ దుకాణం దగ్గర గంటలకొద్దీ చెబుతారు. కాకపోతే వాళ్ల కథలో ‘విజయం’ రాదు, దాంతో సారాంశం తీసేవాడికి పని ఉండదు.

అంతా ఇంతే అంటే అన్యాయం. కాలిఫోర్నియాలో కూర్చుని ‘కౌముది’ పత్రిక నడిపే కిరణ్‌ప్రభ గారు వందలకొద్దీ టాక్‌షోలలో రచయితల, కళాకారుల, నాయకుల జీవితాలు చెప్పారు. వేణువు లేదు, డప్పు లేదు. ఒక మనిషి పుస్తకాలు, పాత పత్రికలు తిరగేసి వచ్చి, తన మామూలు గొంతుతో, ఒక జీవితానికి ఎన్ని భాగాలు అవసరమైతే అన్ని భాగాలు తీరిగ్గా చెబుతాడు. జనం వింటున్నారు కూడా. కేవలం తెలుగు శ్రవణ పుస్తకాల కోసమే ‘దాసుభాషితం’ లాంటి యాప్ నిలబడింది. అంటే తెలుగువాళ్లకు ఓపిక లేదు, చిన్నదైతేనే వింటారు అన్నది మార్కెటింగ్ వాళ్లు అల్లిన కథ. నాజర్ ఎదుట తెల్లవార్లూ కూర్చున్న జాతికి ఓపిక నేర్పక్కర్లేదు. ఆ రోజుల్లో కథ చెబుతుంటే వినేవాడు ఊఁ కొట్టేవాడు. ఊఁ ఆగితే చెప్పేవాడు కథ ఆపి, నిద్రపోయావా అని అడిగేవాడు. ఇప్పుడు ఊఁ కొట్టడం పోయి ఐదు నక్షత్రాలు కొడుతున్నాం. నిద్రలో కూడా కొట్టొచ్చు.

కాబట్టి యాప్ యజమానులకు డబ్బు కట్టిన శ్రోతగా నావి మూడే డిమాండ్లు. ఒకటి, ఏ ఊరి బతుకును ఆ ఊరి నోటితో చదివించండి. ఆ నోరు తడబడినా పరవాలేదు, దమ్ము తీసుకున్నా పరవాలేదు. రెండు, కుదించిన చోట కుదించామని, చేర్చిన చోట చేర్చామని మొదటి నిమిషంలోనే చెప్పండి. మిశ్రమ నూనె డబ్బా మీద కూడా ఏమేం కలిపారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మూడు, మనిషి స్వయంగా మాట్లాడిన టేపు ఎక్కడైనా బతికి ఉంటే, గరగరలతో సహా దాన్నే వినిపించండి. ఆ గరగర మీ వేణువు కన్నా శ్రావ్యంగా ఉంటుంది.

ఈ మూడూ వాళ్లు చేయరు. చేయకపోవడానికి కారణం వాళ్ల దగ్గర లేదు, మన దగ్గరుంది. వాళ్లు అమ్మేది మనం కొనేదే. మనకు కావలసింది ఆ మనిషి పరిచయం కాదు, ఆ మనిషిని విన్నానని చెప్పుకునే హక్కు. ‘ఈ ఏడాది అరవై మంది మహనీయులను పూర్తిచేశాను’ అని స్టేటస్ పెట్టినవాణ్ని చూశాను. శ్మశానం కాపలాదారు కూడా అంత ధీమాగా లెక్క చెప్పడు.

టైం ఎక్కడుంది సార్ అంటారు, తెలుసు. గాంధీ గారు ఆ కథను 1925 నుంచి 1929 దాకా ‘నవజీవన్’ పత్రికలో వారం వారం చెప్పుకుంటూ వచ్చారు. మూడేళ్లు దాటింది. ఆ మూడేళ్లలో ఆయనకు పనులేమీ లేవని, దేశం తీరిగ్గా ఉందని ఎవరూ అనరు. చెప్పడానికి ఆయనకు దొరికిన తీరిక వినడానికి మనకు దొరక్కపోతే, తప్పేం లేదు, వినకండి. వినకపోయినందుకు ఆయనేమీ నొచ్చుకోడు, అంతకన్నా పెద్ద అవమానాలే చూశాడు. ఏమీ విననివాడు కనీసం ‘నాకు గాంధీ గురించి పెద్దగా తెలియదు’ అని నిజం చెబుతాడు. ఎల్బీనగర్‌లో ఎక్కి గాంధీభవన్‌లోపు ఆయన్ను పూర్తిచేసినవాడి నోట ఆ ఒక్క నిజం జన్మలో రాదు.